పిల్లల నత్తికి చికిత్స చేయించాలా, ఆగి చూడాలా? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్పీచ్ థెరపీ గదిలో కూర్చోగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. లేచి వెళ్ళిపోతూ, గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగేవి ఇంకొన్ని. రెండు రకాలనూ కలిపి ఇక్కడ జవాబులు రాశాను. ఇందులో ఎక్కువ భాగం నత్తి గురించే. ఉచ్చారణ సరిగ్గా రాకపోవడం గురించి చివర్లో కొంచెం ఉంది.

మా బాబుకి మూడేళ్ళు. నెల రోజులుగా మాట తడబడుతోంది. చూపించాలా, ఆగాలా?

చూపించండి. చూపించడం వేరు, చికిత్స మొదలుపెట్టడం వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్ల చాలా ఇళ్ళలో ఏళ్ళు గడిచిపోతాయి. "ఇంత చిన్న పిల్లాడికి థెరపీ ఏమిట్రా" అని తాతగారు ఒక్క మాట అంటారు, అంతటితో ఆ విషయం ఎవరూ ఎత్తరు. స్పీచ్ థెరపిస్ట్ ఒకసారి చూస్తే అది ఏ రకం తడబాటో, ఉండిపోయే సూచనలు ఏమైనా ఉన్నాయో, ఇంట్లో ఏం మార్చుకోవాలో తెలుస్తుంది. మూడేళ్ళ పిల్లల్లో చాలామంది విషయంలో మొదటి రోజు చెప్పేది "ఇప్పుడే థెరపీ అక్కర్లేదు, మూడు నెలలు గమనించి మళ్ళీ రండి" అనే. అలా ఆగడంలో తప్పులేదు. ఎవరూ చూడకుండా, ఏదీ రాసుకోకుండా, దేవుడి మీద భారం వేసి ఆగడమే నాకు నచ్చనిది.

పెద్దయితే అదే పోతుందని అందరూ అంటున్నారు. నిజమేనా?

చాలావరకు నిజమే. నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. పిల్లలు చిన్న చిన్న ముక్కలు వదిలి పెద్ద వాక్యాలు అల్లే వయసది. నూటికి కనీసం ఐదుగురు పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపిస్తుంది. పెద్దవాళ్ళలో చూస్తే నూటికి ఒకరికే ఉంటుంది. అంటే నత్తి మొదలైన ప్రతి పదిమందిలో ఏడెనిమిది మంది దాన్నుంచి బయటపడుతున్నారు.

చిక్కంతా మీ పిల్లాడు ఆ ఏడెనిమిది మందిలో ఉన్నాడా, మిగిలిన ఇద్దరు ముగ్గురిలో ఉన్నాడా అనేది మొదటి రోజే ఎవరూ చెప్పలేకపోవడంలో ఉంది. పైగా తగ్గేవాళ్ళకు కూడా నెల రెండు నెలల్లో తగ్గిపోదు. ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. మీ పక్కింటావిడ "మా వాడికీ ఉండేది, పోయింది" అంటే అది నిజమే అయ్యుంటుంది. కానీ ఆవిడ కొడుకు విషయంలో అలా జరిగిందని మీ ఇంట్లోనూ జరుగుతుందన్న హామీ లేదు.

ఎవరికి ఉండిపోయే అవకాశం ఎక్కువ?

మేం ముందుగా అడిగేది ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. తండ్రికో, మేనమామకో, పెదనాన్నకో చిన్నప్పుడు నత్తి ఉండి అది పోకుండా ఉండిపోయి ఉంటే ఈ పిల్లాడికీ ఉండిపోయే అవకాశం పెరుగుతుంది. ఈ ప్రశ్న వేసినప్పుడు మొదట అందరూ "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అంటారు. నాయనమ్మ పక్కన ఉంటే మాత్రం నిజం బయటికొస్తుంది.

తర్వాత మగపిల్లాడా, ఆడపిల్లా అని చూస్తాం. చిన్న వయసులో నత్తి ఉన్న మగపిల్లలు ఆడపిల్లలకు రెట్టింపు దాకా ఉంటారు. పెద్దయ్యేసరికి ఒక స్త్రీకి నలుగురు పురుషులన్న లెక్కకి వస్తుంది. అంటే ఆడపిల్లల్లో ఎక్కువమందికి తగ్గిపోతుందన్నమాట. మూడున్నరేళ్ళు దాటాక మొదలైనా, ఏడాదికి పైగా సాగుతున్నా, నెలలు గడిచేకొద్దీ తగ్గకుండా పెరుగుతున్నా, మాటలు ఆలస్యంగా రావడం లాంటి ఇబ్బంది తోడుగా ఉన్నా జాగ్రత్తపడాలి.

ఎలా మొదలైందన్నది మాత్రం పెద్దగా ఏమీ చెప్పదు. రాత్రికి రాత్రి మొదలైందని భయపడి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. చిన్నపిల్లల నత్తి అలా హఠాత్తుగా మొదలవడం మామూలే.

మామూలు తడబాటుకీ నత్తికీ తేడా ఎలా పోల్చుకోవాలి?

"అమ్మా, నేను నేను నిన్న... నిన్న కాదు మొన్న, అదీ, పార్కులో..." ఇది మామూలు తడబాటు. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాడు. పూర్తి పదాలు, పదబంధాలు తిరిగి వస్తున్నాయి. ఒంట్లో ఎక్కడా బిగువు లేదు. ఇలా పెద్దవాళ్ళం మనమూ మాట్లాడతాం.

నత్తిలో చెప్పాలనుకున్న మాట పిల్లాడికి తెలుసు, నోటికి రాదు. "మ-మ-మ-మామిడిపండు" అని మొదటి అక్షరం మూడు నాలుగు సార్లు పడుతుంది. "స్స్స్సైకిల్" అని శబ్దం సాగుతుంది. మూడో రకం అసలు వినపడదు: నోరు తెరుచుకుని ఉంటుంది, శబ్దం రాదు, మెడ దగ్గర బిగుసుకుంటుంది. ఈ మూడోదాన్ని ఇంట్లోవాళ్ళు "ఆలోచిస్తున్నాడు" అనుకుని వదిలేస్తుంటారు.

కళ్ళు గట్టిగా మూయడం, తల విదిలించడం, కాలు నేలకేసి తట్టడం, చేత్తో తొడ కొట్టుకోవడం కనిపిస్తే పిల్లాడు ఆ మాటను బయటికి నెట్టడానికి తంటాలు పడుతున్నాడని అర్థం. అప్పుడు మూడు నెలలు గమనిద్దాం అని కూర్చోకండి, వెంటనే చూపించండి.

ఒక్క సూచన: బాగా తడబడుతున్న రోజున అన్నం తింటున్నప్పుడో, ఆడుకుంటున్నప్పుడో వాడికి తెలియకుండా ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు రికార్డ్ చేసి పెట్టుకోండి. క్లినిక్‌కి వచ్చిన రోజు ఒక్క తడబాటూ లేకుండా గలగలా మాట్లాడేస్తారు పిల్లలు. నత్తి ఒక వారం ఎక్కువగా, ఒక వారం అస్సలు లేనట్టుగా ఉంటుంది. ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉంటుంది.

ఇది మా తప్పేనా? కుక్క మొరిగి భయపడ్డాకే మొదలైంది. పైగా వీడు వాళ్ళ మేనత్త కొడుకుని చూసి అనుకరిస్తున్నాడని మా అత్తగారు అంటున్నారు.

మీ తప్పు కాదు. కుక్కదీ కాదు. నత్తి ఎక్కువగా పుట్టుకతో వచ్చే మొగ్గు. మాటకు సంబంధించిన మెదడు భాగాల మధ్య అనుసంధానంలో చిన్న తేడాలు ఉన్నట్టు స్కాన్‌లలో చూశారు. 2010లో అమెరికా పరిశోధకులు నత్తితో ముడిపడిన మూడు జన్యువులను గుర్తించారు. ఆ పరిశోధనలో పాకిస్తాన్‌లోని ఒక పెద్ద కుటుంబం కీలకమైంది. అందరి నత్తికీ ఆ జన్యువులే కారణమని చెప్పలేం కానీ, ఇది వంశంలో నడుస్తుందన్నదానికి అది గట్టి సాక్ష్యం.

అనుకరిస్తే నత్తి రాదు. మేనత్త కొడుకుకీ మీ వాడికీ ఇద్దరికీ ఉందంటే చూసి నేర్చుకున్నాడనడం కన్నా రక్తసంబంధం అనడమే సబబు. భయం, చెల్లెలు పుట్టడం, ఇల్లు మారడం, కొత్త బడి లాంటివి అప్పటికే ఉన్న మొగ్గుని బయటపెట్టొచ్చు, ఉన్న నత్తిని ఒక వారం పెంచొచ్చు. లేనిదాన్ని పుట్టించవు. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు.

దాని గురించి మాట్లాడితే ఎక్కువవుతుందట కదా? మేం చూసీ చూడనట్టు ఉంటున్నాం.

ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడు, నత్తి పిల్లల నోట్లో పుట్టదు, తల్లిదండ్రులు "నీకు నత్తి" అని ముద్ర వేయడం వల్ల పుడుతుంది అని వాదించాడు. 1939లో ఆయన పర్యవేక్షణలో ఒక విద్యార్థిని అనాథాశ్రమం పిల్లల మీద ప్రయోగం చేసింది. నత్తి లేని పిల్లలు కొందరికి "నీ మాట బాగాలేదు" అని పదేపదే చెప్పారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు. కానీ కొందరు నోరు మెదపడానికే జంకే స్థితికి వచ్చారు. 2001లో ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. సిద్ధాంతం ఎప్పుడో వీగిపోయినా "పట్టించుకోకండి" అన్న సలహా మాత్రం మన దాకా వచ్చి ఇంకా తిరుగుతోంది.

నాలుగేళ్ళ పిల్లాడికి తన మాట ఇరుక్కుంటోందని చాలాసార్లు తెలుస్తూనే ఉంటుంది. ఇంట్లో అందరూ మౌనంగా ముఖం పక్కకి తిప్పుకుంటే, అది నోరెత్తకూడని విషయమని వాడికి అర్థమవుతుంది. మాట బాగా ఇరుక్కున్నప్పుడు "ఆ మాట కాస్త ఇబ్బంది పెట్టింది కదూ, పర్లేదు నాన్నా, నేను వింటున్నాను" అంటే చాలు. పడిపోయి మోకాలు చెక్కుకుంటే ఎలా మాట్లాడతారో అంత మామూలుగా. వెక్కిరించడం, తిట్టడం, చుట్టాల ముందు "ఏదీ, మళ్ళీ సరిగ్గా చెప్పు" అనడం మాత్రం ఎవరు చేసినా ఆపించండి, అది మీ నాన్నగారైనా సరే.

వస కొమ్ము అరగదీసి నాకిస్తే పోతుందా? నాలుక కింద తీగ కోయిస్తే?

వస మన ఇళ్ళలో పాత అలవాటే. గలగలా మాట్లాడేవాళ్ళని వస పిట్ట అనేది కూడా అందుకే. అయినా వసతో నత్తి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. కొన్ని రకాల వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం హానికరమని అమెరికాలో 1968 నుంచే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. పసిపిల్లలకు ఎక్కువ పడితే వాంతులు, మగత వస్తాయి. ఇవ్వకండి.

నాలుక కింద తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడంలో, కొన్ని అక్షరాలు పలకడంలో ఇబ్బంది రావచ్చు. నత్తికీ దానికీ సంబంధం లేదు. నత్తి తగ్గుతుందని ఎవరైనా అది కోయమంటే లేచి వచ్చేయండి.

నోట్లో గులకరాళ్ళు పెట్టి మాట్లాడించడం చిన్నపిల్లల విషయంలో ప్రమాదం, గొంతులో ఇరుక్కుంటాయి. నాలుక మీద వాత పెట్టడం, ఉలిక్కిపడేలా చెంపదెబ్బ కొట్టడం గురించి రాయాల్సి రావడమే బాధ. బాసర వెళ్ళి అమ్మవారికి మొక్కుకోండి, దానివల్ల నష్టం లేదు. మొక్కు తీరేదాకా థెరపిస్ట్ దగ్గరకు వెళ్ళకూడదని మాత్రం పెట్టుకోకండి.

ఎవరికి చూపించాలి? ఎక్కడ?

పిల్లల డాక్టర్‌కి చెప్పండి, కానీ అక్కడే ఆగకండి. నత్తిని అంచనా వేయాల్సింది స్పీచ్ థెరపిస్ట్. అర్హత కోసం చూడాల్సింది నాలుగేళ్ళ బీఏఎస్ఎల్‌పీ డిగ్రీ (వినికిడి, మాట ఇబ్బందులకు సంబంధించిన చదువు) లేదా ఆ పైన ఎంఏఎస్ఎల్‌పీ, దానితో పాటు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్. నంబర్ అడగడానికి మొహమాటపడకండి, అడిగితే చెప్పడం మా బాధ్యత.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి, మాట ఇబ్బందుల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. జిల్లాల్లో ఉన్నవాళ్ళు డైస్ అని పిలిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం గురించి వాకబు చేయండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి పెట్టారు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీకి, బడికి పరీక్షలు చేయడానికి వచ్చే బృందం కూడా ఈ కార్యక్రమానిదే. వాళ్ళు వచ్చినప్పుడు మీ అంగన్‌వాడీ టీచర్‌తో ముందే చెప్పి పిల్లాడిని చూపించండి. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఆ రోజు స్పీచ్ థెరపిస్ట్ ఉంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పోస్టు ఖాళీగా ఉండటం, వారంలో రెండు రోజులే రావడం మామూలు.

దగ్గర్లో ఎవరూ లేకపోతే వీడియో కాల్ థెరపీ పనికొస్తుంది. చిన్నపిల్లల నత్తి థెరపీలో అసలు పని చేసేది తల్లిదండ్రులే కాబట్టి, థెరపిస్ట్ తెర మీద ఉన్నా పెద్ద తేడా రాదు.

"పది రోజుల్లో నత్తి మాయం, గ్యారంటీ" అని బోర్డు పెట్టినచోట ఆగవద్దు. ఊపిరి బిగబట్టించి, రాగం తీస్తూ మాట్లాడించి, పది రోజులు నత్తి లేకుండా చేయడం కష్టమేమీ కాదు. ఇంటికొచ్చిన పదకొండో రోజు నుంచి కథ మొదటికొస్తుంది. డబ్బు పోవడం ఒకెత్తు, "నేను సరిగ్గా చేయలేదు కాబట్టే తిరిగొచ్చింది" అని పిల్లాడు అనుకోవడం ఇంకొకెత్తు.

మూడు నాలుగేళ్ళ పిల్లలకు థెరపీలో ఏం చేస్తారు?

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఆస్ట్రేలియాలో తయారైన లిడ్‌కోంబ్ పద్ధతిలో తల్లో తండ్రో రోజూ పది పదిహేను నిమిషాలు పిల్లాడితో ఆడుతూ మాట్లాడాలి. తడబాటు లేకుండా వచ్చిన మాటను "భలే సాఫీగా చెప్పావే" అని అప్పుడప్పుడూ మెచ్చుకోవాలి. ప్రతిరోజూ తీవ్రతకు సున్నా నుంచి తొమ్మిది వరకు అంకె వేసుకోవాలి. వారానికోసారి థెరపిస్ట్ అది చూసి సరిచేస్తారు. ఇంటర్నెట్‌లో చదివి సొంతంగా మొదలుపెట్టొద్దు. ఎంత మెచ్చుకోవాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదానిలోనే ఉంది కిటుకంతా.

రెండో దారిలో పిల్లాడి మాట జోలికి వెళ్ళరు. చుట్టూ ఉన్న హడావిడిని తగ్గిస్తారు. పెద్దవాళ్ళ మాట వేగం, ప్రశ్నల జోరు, ఒకరి మాటకు ఒకరు అడ్డురావడం, వీటి మీద పని చేస్తారు.

నెదర్లాండ్స్‌లో ఈ రెండు దారులనూ పోల్చి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నర తర్వాత రెండు వైపులా దాదాపు ముప్పాతిక మంది పిల్లలకు నత్తి లేదు. వాళ్ళలో కొందరికి థెరపీ లేకపోయినా తగ్గి ఉండేదన్నది నిజమే. అందుకే 2005లో వచ్చిన న్యూజిలాండ్ అధ్యయనం కూడా చెప్పుకోవాలి. అందులో లిడ్‌కోంబ్ పద్ధతి పాటించిన పిల్లల్లో తొమ్మిది నెలల తర్వాత సగం మందికి నత్తి దాదాపు పోయింది. పాటించని బృందంలో ఆ సంఖ్య నూటికి పదిహేను. వదిలేస్తే తగ్గదని దీని అర్థం కాదు, చేయిస్తే త్వరగా తగ్గే అవకాశం పెరుగుతుందని.

ఈలోపు ఇంట్లో మేం ఏం చేయాలి?

"నెమ్మదిగా చెప్పు", "ఊపిరి పీల్చుకుని చెప్పు", "ఆలోచించి మాట్లాడు" అనడం మానండి. ప్రేమతోనే అంటారు, కానీ పిల్లాడి చెవిలో అది "నువ్వు తప్పుగా మాట్లాడావు" అని పడుతుంది. వాడి వాక్యం మీరు పూర్తి చేయొద్దు. వాడిని నెమ్మదించమనే బదులు మీరు నెమ్మదించండి. వాడు మాట ముగించాక ఒకటి రెండు సెకన్లు ఆగి జవాబివ్వండి.

ఒక ఆట ఎలా ఉంటుందో చూడండి. పాప బొమ్మ స్టవ్ మీద గిన్నె పెట్టింది. అమ్మ: "ఏం వండుతున్నావ్? పప్పా? ఇదేం రంగు? ఇంగ్లీషులో ఏమంటారు? ఎవరికి పెడతావ్?" పాప మొదటి ప్రశ్నకు "ప-ప-ప..." దగ్గర ఉండగానే ఇంకో నాలుగు ప్రశ్నలు అయిపోయాయి. అదే అమ్మ రెండు వారాల తర్వాత: "ఓ, గిన్నె పొయ్యి మీద పెట్టావ్." కాసేపు మౌనం. "వేడిగా ఉన్నట్టుంది." మళ్ళీ మౌనం. పాప తనంతట తనే "సాంబార్ ఇది, నాన్నకి" అంది. అడగడం తగ్గిస్తే పిల్లలు మాట్లాడటం మానేస్తారని భయపడతారు కానీ జరిగేది ఇదీ.

రోజుకి ఐదు నిమిషాలు చాలు: ఫోన్ పక్కన పెట్టి, ఒక్క పిల్లాడితో, వాడికి నచ్చిన ఆట. అన్నాచెల్లెళ్ళు ఉంటే వంతులవారీగా మాట్లాడే అలవాటు చేయండి, లేకపోతే నత్తి ఉన్నవాడి వంతు ఎప్పటికీ రాదు. చుట్టాలొచ్చినప్పుడు "అంకుల్‌కి రైమ్ చెప్పు" కార్యక్రమం కొన్నాళ్ళు ఆపేయండి. పాడతానంటే పాడనివ్వండి. పాటలో, అందరితో కలిసి వల్లించేటప్పుడు నత్తి సాధారణంగా రాదు. అలా పాడగలిగాడు కాబట్టి కావాలనే నత్తిగా మాట్లాడుతున్నాడని మాత్రం అనకండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఒక భాష మానేయమంటారా?

అక్కర్లేదు. రెండు భాషల వల్ల నత్తి రాదు. కొత్త భాష నేర్చుకునే రోజుల్లో మాటలు వెతుక్కోవడం ఉంటుంది, దాన్ని నత్తి అని పొరబడటం కద్దు. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని బడివాళ్ళు అన్నా మీకు సహజంగా వచ్చే భాషలోనే మాట్లాడండి. మీకు తడుముకోకుండా వచ్చే భాషే పిల్లాడు వినడానికి మంచిది.

అమెరికాలో ఉన్న కుటుంబాలు ఈ ప్రశ్న ఎక్కువ అడుగుతారు. అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకు రాష్ట్రం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్, మూడేళ్ళు నిండాక స్థానిక ప్రభుత్వ పాఠశాల విభాగం ద్వారా అర్హతను బట్టి స్పీచ్ సేవలు అందుతాయి. బడిలో ఇంకా చేర్చకపోయినా పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగొచ్చు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, తడబాటు తెలుగులో కూడా ఉందో లేదో ఆ కాగితంలో రాయండి. రెండు భాషల్లోనూ ఉంటేనే నత్తి అని చెప్పడం తేలికవుతుంది.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఆలస్యం చేసేశామా?

చిన్నప్పుడున్నంత తేలిగ్గా పూర్తిగా పోయే అవకాశం ఇప్పుడు లేదు. ఏడెనిమిదేళ్ళు దాటాక నత్తి చాలామందిలో ఎంతో కొంత ఉండిపోతుంది. అయినా థెరపీ చేయాల్సిన పని చాలా ఉంది, గమ్యం మారుతుందంతే. పెదాలు, నాలుక బిగించకుండా మాట మొదలుపెట్టడం, ఇరుక్కున్న చోట తోసెయ్యకుండా నెమ్మదిగా బయటపడటం, కావాలని కాస్త నత్తిగా మాట్లాడి భయం పోగొట్టుకోవడం, ఎవరైనా వెక్కిరిస్తే ఏమనాలో సాధన చేయడం, ఇవన్నీ నేర్పుతారు.

ఈ వయసులో పిల్లాడి ఇష్టం ముఖ్యం. బలవంతంగా లాక్కొస్తే గదిలో గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. "నీ మాటలో ఏది మారితే నీకు హాయిగా ఉంటుంది?" అని వాడినే అడుగుతాం. ఒకడు "అటెండెన్స్ చెప్పడం" అన్నాడు. అక్కణ్ణుంచే మొదలుపెట్టాం.

వాడికి ఏ బాధా లేదు, మేమే టెన్షన్ పడుతున్నాం. అలాంటప్పుడు చికిత్స అవసరమా?

నిజంగా బాధ లేకపోతే, పెద్ద పిల్లల విషయంలో, ఒత్తిడి చేయక్కర్లేదు. నత్తితోనే క్లాసులో చెయ్యెత్తి జవాబు చెప్పే పిల్లాడు, నత్తి దాచుకోవడానికి నోరు మూసుకునే పిల్లాడి కన్నా బాగున్నట్టే. కానీ బాధ లేదన్నది ఎలా తెలిసిందో ఒకసారి ఆలోచించండి.

ఒక తల్లి ఇలా చెప్పింది. కొడుక్కి ఏడేళ్ళు. అన్నం తింటూ "నీళ్ళు" అనబోయి "న్" దగ్గర ఆగిపోయేవాడు. కొన్నాళ్ళకి "వాటర్" అనడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వస్తోందని సంతోషించారు. తర్వాత "వాటర్" కూడా అనడం మానేసి తనే లేచి వెళ్ళి తెచ్చుకుంటున్నాడు. "ఈమధ్య చాలా తగ్గిందండీ, సొంత పనులు కూడా చేసుకుంటున్నాడు" అంది. నత్తి తగ్గలేదు, మాట తగ్గింది. పదాలు మార్చడం, "తెలీదు" అని తప్పించుకోవడం, ఫోన్ ఎత్తకపోవడం, షాపుకి వెళ్ళనని మొరాయించడం, తన పేరు అడిగితే తమ్ముడివైపు చూడటం లాంటివి ఉంటే బాధ ఉన్నట్టే. పేరు చెప్పడంలోనే చాలామందికి ఎక్కువ ఇరుక్కుంటుంది, ఎందుకంటే దానికి బదులు వేరే పదం దొరకదు.

ఆడపిల్ల. థెరపీకి తిరిగితే నలుగురికీ తెలిసి రేపు సంబంధాలు చెడతాయేమో?

గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న ఇదే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: నాలుగేళ్ళ పాపకి చికిత్స వాయిదా వేయడానికి ఇరవై ఏళ్ళ తర్వాతి పెళ్ళి కారణం కాకూడదు. పైగా లెక్క కూడా తిరగబడుతుంది. పాప నోరు విప్పితే చాలు అందరికీ తెలిసే విషయాన్ని క్లినిక్ మెట్లెక్కకుండా దాచలేం.

బడిలో చెప్పాలా?

చెప్పండి. క్లాస్ టీచర్‌తో ఒక్క పది నిమిషాలు మాట్లాడితే చాలు. ప్రశ్న అడిగి ఆగమని, వాక్యం పూర్తి చేయవద్దని, పాఠం పైకి చదివించేటప్పుడు ఇద్దరు కలిసి చదివే అవకాశం ఇవ్వమని అడగండి. వరసలో తన వంతు కోసం ఎదురుచూడటమే నత్తి ఉన్న పిల్లలకు పెద్ద నరకం, కాబట్టి మొదట్లోనే పిలిస్తే నయం. అసలు పిలవకుండా వదిలేయడం మాత్రం సాయం కాదు. "నత్తోడా" అని పిలిచే పిల్లల సంగతి టీచర్ చూసుకోవాలి. మన సినిమాలు నత్తి పాత్రని నవ్వులకే వాడుకుంటూ వచ్చాయి, పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. హృతిక్ రోషన్ చిన్నప్పటి నుంచీ తనకు నత్తి ఉండేదని బహిరంగంగా చెప్పుకున్నాడన్నది కొందరు పిల్లలకి మందులా పనిచేస్తుంది. కొందరికి ఏమీ అనిపించదు.

మందులున్నాయా?

పిల్లల నత్తికి ఆమోదం పొందిన మందు ఏదీ లేదు.

మా పాప "కుక్క"ని "తుక్క" అంటుంది, "ర" పలకదు. ఇదీ నత్తేనా?

కాదు, ఇది ఉచ్చారణ సంగతి. "క"ని "త"గా పలకడం మూడేళ్ళ లోపు మామూలు. నాలుగు దాటినా పోకపోతే చూపించండి. "ర" చివర్లో వచ్చే అక్షరాల్లో ఒకటి, ఐదారేళ్ళ దాకా సమయం ఇవ్వొచ్చు. మూడేళ్ళు నిండిన పిల్లల మాట బయటివాళ్ళకు చాలావరకు అర్థం కావాలి. కాకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. తరచూ చెవిలో చీము కారే పిల్లలకైతే మరీ ముఖ్యం. ముక్కుతో మాట్లాడుతున్నట్టుంటే అంగిలి చూపించండి. ఇంట్లోవాళ్ళు ముద్దుగా ఉందని "తుక్క తుక్క" అని తిరిగి అనకుండా మామూలుగా "అవును, కుక్క" అనండి, అంతకుమించి సరిదిద్దక్కర్లేదు.

వెంటనే డాక్టర్ దగ్గరకు పరుగెత్తాల్సిన సందర్భాలు?

తలకి దెబ్బ తగిలాకో, ఫిట్స్ వచ్చాకో మాట తడబడటం మొదలైతే, అప్పటిదాకా మామూలుగా ఉన్న పెద్ద పిల్లల్లో ఒక్కసారిగా వస్తే, నడకలో తూలడం, మూతి వంకర పోవడం తోడైతే, వచ్చిన మాటలు పోతుంటే స్పీచ్ థెరపిస్ట్ కన్నా ముందు పిల్లల డాక్టర్ని లేదా న్యూరాలజిస్ట్‌ని కలవాలి. కొత్త మందు మొదలుపెట్టాక తడబాటు వస్తే మందు మీరే ఆపేయకుండా రాసిన డాక్టర్‌కి చెప్పండి.

ఎంతకాలం పడుతుంది? మొదటి రోజు ఏం తీసుకెళ్ళాలి?

చిన్నపిల్లలకు వారానికోసారి చొప్పున కొన్ని నెలలు, తర్వాత దూరం పెంచుకుంటూ ఏడాది దాకా కలుస్తూ ఉండటం మామూలు. తగ్గగానే మానేస్తే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, ఆ రెండో దశ కూడా పూర్తి చేయండి. మూడు నాలుగు నెలలు బుద్ధిగా చేసినా రోజువారీ అంకెలు ఏమాత్రం కదలకపోతే పద్ధతి మార్చమని అడిగే హక్కు మీకుంది.

మొదటి రోజు ఫోన్‌లో రికార్డ్ చేసినవి, ఎప్పుడు మొదలైందో రాసుకున్న తేదీ, వినికిడి పరీక్ష కాగితం ఉంటే అది, వాడికి ఇష్టమైన బొమ్మ ఒకటి తెండి. తల్లిదండ్రులిద్దరూ రాగలిగితే మంచిది. ఇంట్లో ఎక్కువ సేపు చూసుకునేది అమ్మమ్మో నాయనమ్మో అయితే ఆవిడని కూడా తీసుకురండి. ఇంట్లో ఆడుతూ మాట్లాడే పని ఆవిడ మీదే పడుతుంది కాబట్టి మేం చెప్పేది ఆవిడ నేరుగా వినాలి.